మరి ఏడు దినములు

చదువవలసిన భాగములు: లేవీయకాండము 13:1–8, యోబు 2:11–13, మార్కు 1:40–45



కుటుంబ ప్రార్థనలో లేవీయకాండము పదుమూడవ అధ్యాయము వంతు వచ్చినప్పుడు మనలో చాలమందిమి గబగబ పేజీలు త్రిప్పివేయుదుము. మచ్చలు, పుండ్లు, రంగు మారిన వెండ్రుకలు, ఇవన్నియు మనకెందుకని తోచును. మేమును అనేక సంవత్సరములు అట్లే చేసితిమి. ఈ నెల మాత్రము ఆ అధ్యాయములోని మొదటి ఎనిమిది వచనములను పాఠముగా తీసికొంటిమి. ఏలయనగా కొంతకాలము క్రిందట ఒక రాత్రి మా గడపలో వచ్చి నిలిచిన యొక సహోదరుని వలన ఆ వచనములు మాకు క్రొత్తగా అర్థమైనవి. అతని సెలవు పొందియే ఈ సంగతి వ్రాయుచున్నాము.

అతని పేరు వ్రాయము, ఊరు వ్రాయము. తాపీ పనికి పోయి పట్టణములో కొన్ని నెలలుండి వచ్చినవాడు. అచ్చట ఒకనాడు తప్పుత్రోవను పోయెను. ఇంటికి వచ్చిన తరువాత భయము పట్టుకొనెను. మూడు వారములు గడచిన పిమ్మట ఎవరికిని చెప్పకుండ పెద్దాసుపత్రికి పోయి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొనెను. నెగెటివ్ అని వచ్చెను. అయితే అచ్చటి సలహాదారుడు, ఇది చివరి మాట కాదు, మూడు నెలలు నిండిన తరువాత మరల రావలెనని చెప్పి పంపెను. ఆ మాట అతని ప్రాణమును పిండివేసినది. "అయ్యగారూ, లేదంటే లేదని చెప్పాలి, ఉందంటే ఉందని చెప్పాలి. మళ్లీ రమ్మన్నారంటే ఏదో దాస్తున్నారనేగా?" అని మమ్ము అడిగెను.

ఆ రాత్రి మేము చేసినది చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పక, వ్యభిచారమును గూర్చిన ఆజ్ఞ మీద గంటసేపు బోధించితిమి. అతడు తల వంచుకొని వినెను. మా యింటివారు తెచ్చి పెట్టిన టీ చల్లారిపోయెను. దానిని ముట్టకయే అతడు లేచిపోయెను. యోబు స్నేహితులను చూడుడి. వారు ఏడు దినములు, ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. అంతవరకు వారి వంటి స్నేహితులు దొరకుట కష్టమే. నోరు తెరచిన తరువాతనే సంగతి చెడినది. మేము ఏడు నిమిషములైనను ఆగలేదు. మరునాడు ఉదయమున అతని పొలము గట్టుకు పోయి క్షమాపణ అడిగి, రాత్రి చెప్పవలసిన జవాబును అప్పుడు చెప్పితిమి.

ఆ జవాబు ఇది. హెచ్.ఐ.వి. వైరస్‌ను 1983లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1985లో రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చినది. మన దేశములో ఆ వైరస్ సోకినవారు ఉన్నారని 1986లో చెన్నైలో మొదట తెలిసినది. అయితే సాధారణముగా మన ఆసుపత్రులలో చేయు పరీక్ష ఆ వైరస్‌ను నేరుగా వెదకదు. అది లోపల ప్రవేశించినప్పుడు దానితో పోరాడుటకు శరీరము తయారుచేసికొను యాంటీబాడీలను వెదకును. ఆ తయారీకి దినములు పట్టును. విత్తనము చల్లిన మరునాడు గట్టున నిలిచి మొలక కనబడలేదని చెప్పినవాడు అబద్ధమాడలేదు. అయినను విత్తనము పడలేదని అతని మాటకు అర్థము కాదు. చాలమందిలో కొన్ని వారములకే ఆ యాంటీబాడీలు పరీక్షకు అందును; మూడు నెలలు నిండునప్పటికి దాదాపు అందరిలోను అందును. ఈ నడిమి కాలమును విండో పీరియడ్ అందురు. యాంటీబాడీలతో పాటు వైరస్‌లోని యొక భాగమును కూడ పట్టు పరీక్షలు గలవు. నరమునుండి తీసిన రక్తముతో ప్రయోగశాలలో చేయు అట్టి పరీక్ష, ఆరు ఏడు వారములు దాటిన పిమ్మట చాలవరకు నమ్మదగిన జవాబిచ్చును. ఏ పరీక్ష చేసిరో, ఏ తేదీకి మరల రావలెనో సలహాదారుని అడిగి కాగితముమీద వ్రాయించుకొనుట మంచిది. ఆ నడుమ క్రొత్త ప్రమాదమేదియు లేకుండ, గడువు తరువాత చేసిన పరీక్షలోను నెగెటివ్ అని వచ్చినయెడల ఆ మాటను నమ్మవచ్చును. కావున మరల రమ్మనుట దాపరికము కాదు. తెలియనిది తెలిసినట్లు చెప్పకపోవుటయే అది.

ఇచ్చట పాఠమును ఆపి ఒక మాట చెప్పవలెను. ఈ పుట చదువుచున్నవారిలో ఎవరికైనను అట్టి ప్రమాదము జరిగి ఇంకను మూడు దినములు గడవకుండినయెడల, అనగా 72 గంటలు దాటకుండినయెడల, పత్రికను మూసి వెంటనే పెద్దాసుపత్రికి పొండి. వైరస్ పాతుకొనకుండ అడ్డగించు మందులు గలవు. ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత మేలు. 28 దినములు వాడవలెను. ఆసుపత్రిలో సూది గ్రుచ్చుకొనిన నర్సమ్మలకును, బలాత్కారమునకు గురియైన స్త్రీలకును ఈ మాట మరి ముఖ్యముగా తెలిసియుండవలెను. మా సహోదరునికి ఆ సంగతి ఎవరును చెప్పలేదు. మేము వినునప్పటికి గడువు దాటిపోయెను.

మరియొక విధమైన కనిపెట్టుట కూడ గలదు. గర్భిణీ స్త్రీలందరికి ఈ పరీక్ష చేయుదురని మీరెరుగుదురు. గ్రామపు ఆసుపత్రిలో వ్రేలినుండి చుక్క రక్తము తీసి చేసిన మొదటి పరీక్షలో గీత కనబడినయెడల, దానిని రియాక్టివ్ అందురు. అంతటితో వ్యాధి యున్నదని నిర్ణయము కాలేదు. ఐ.సి.టి.సి. అను సలహా మరియు పరీక్షా కేంద్రమునకు పంపి, వేరువేరు పద్ధతుల పరీక్షలు మూడింటిలోను అట్లే వచ్చినప్పుడే పాజిటివ్ అని చెప్పుదురు. శనివారము మధ్యాహ్నము రియాక్టివ్ అను మాట చెవినిబడి, సోమవారము వరకు ఆగవలసిన తల్లికి ఆ ఆదివారము ఎంత పొడుగై యుండును! అట్టి ఆదివారమున ఆమె అత్తగారు, ఆడపడుచులు ఆమె గిన్నెలు వేరు చేయుట మొదలుపెట్టిన యిండ్లను మేమెరుగుదుము. సోమవారపు ఫలితము ఏమైనను ఆ గిన్నెల సంగతి ఆమె మరువగలదా?

ఇప్పుడు లేవీయకాండమునకు వత్తము. దేహముమీద అనుమానపు మచ్చగలవాడు యాజకుని యొద్దకు వచ్చును. గుర్తులు స్పష్టముగా నున్నయెడల యాజకుడు వెంటనే చెప్పును. స్పష్టముగా లేనియెడల అతనిని ఏడు దినములు ప్రత్యేకముగా నుంచి, ఏడవ దినమున మరల చూడవలెను. అప్పటికిని తేలనియెడల మరి ఏడు దినములు. రెండవ ఏడవ దినమున మచ్చ వ్యాపింపక మాసియున్నప్పుడు పవిత్రుడని చెప్పవలెను; అతడు బట్టలుదుకుకొని ఇంటికి పోవును. అంతేగాక, తరువాత ఏదైనను మార్పు కనబడిన మరల వచ్చి చూపుకొనుమని కూడ అందులో నున్నది.

ఇందులో మేము గమనింపక విడిచినదేమనగా, ఆ పదునాలుగు దినములు యాజకునికి పెట్టిన కట్టడి. అతడు జాలిపడి ముందుగా పవిత్రుడని చెప్పగూడదు. భయపడి ముందుగా అపవిత్రుడని చెప్పగూడదు. దేవుని ధర్మశాస్త్రములో "ఇంకను తెలియదు" అను మాటకు చోటు పెట్టబడినది. ఆ దినములలో ఆ మనుష్యుడు నిందితుడు కాడు, శిక్షింపబడినవాడును కాడు. మన ఊళ్లలో ఆ చోటు ఎక్కడ నున్నది? ఒకడు పరీక్షకు పోయెనని తెలిసిన సాయంకాలమునకే రచ్చబండ దగ్గర తీర్పు ముగియును. ఇంకొకవైపున ఫలితము రాకముందే "నీకేమియు లేదు, విశ్వాసముంచుము" అని గట్టిగా చెప్పు బోధకులున్నారు. ఇద్దరును యాజకునికంటె తొందరపడినవారే. మాకు ఈ రెండవవారిమీదనే ఎక్కువ కోపము. ఏలయనగా వారి మాట నమ్మి పరీక్షకు పోవుట మానినవారిని, మందులు మానినవారిని మేము చూచితిమి.

అయితే ఈ పోలికను ఇంతకంటె దూరము లాగగూడదు. హెచ్.ఐ.వి. ముట్టుకొనుట వలన అంటుకొనునది కాదు. ఎవరినిగాని పాళెము వెలుపల నుంచవలసిన పనిలేదు. రక్షణ లేని కలయిక, వ్యాధిగలవారి రక్తము, ఇతరులకు వాడిన సూదులు, తల్లినుండి బిడ్డకు గర్భములోను కాన్పులోను చనుపాలలోను, ఇవియే దాని త్రోవలు. కలిసి భోజనము చేయుట, ఒకే బావి నీళ్లు, చేయి కలుపుట, దగ్గు, దోమ, వీటివలన రాదు. ప్రభురాత్రి భోజనపు పాత్రవలనను రాదు. దీనిని ఇచ్చట ప్రత్యేకముగా వ్రాయుటకు కారణమున్నది. మా సహోదరుడు రెండు నెలలు పాత్రయొద్దకు రాలేదు. పాపముచేతనని మేమనుకొంటిమి. అడుగగా, తన తరువాత త్రాగు ముసలమ్మకు ఏమగునోనని భయపడెనట! ఆదిలోనే మేము ఒక్క మాట చెప్పియుండినయెడల ఆ రెండు నెలలు అతడు బల్లకు దూరముగా కూర్చుండవలసిన పని లేకపోయెను. మార్కు వ్రాసిన సంగతిలో మన ప్రభువు కుష్ఠరోగిని ముట్టినది అతడు శుద్ధుడైన తరువాత కాదు, ముందే. కుష్ఠు సహితము నేడు మందులతో నయమగుచున్నది. డిచ్‌పల్లి మొదలైన చోట్ల మిషను ఆసుపత్రులలో ఆ రోగుల పుండ్లు కడిగినవారి జ్ఞాపకము మన సంఘములలో ఇంకను నున్నది గదా.

ఇక ఆ మూడు నెలల దినములు గడుపుట ఎట్లు? మొదట భయము దేహమునకు ఏమి చేయునో తెలిసికొనవలెను. నిద్ర పట్టదు. కడుపు చెడును, చెమటలు పట్టును, ఆకలి తగ్గును, గుండె దడదడలాడును. అన్నము మానినవాడు బరువు తగ్గకుండునా? మా సహోదరుడు ప్రతిదినము రైసుమిల్లులోని ధాన్యపు కాటామీద నిలిచి తూకము చూచుకొనుచుండెను. అర కిలో తగ్గిన దినమున ఇంటికి పోయి పండుకొనెడివాడు. మెడక్రింద వ్రేళ్లతో వెదకి వెదకి, గిల్లగా గిల్లగా అచ్చట నొప్పి పుట్టెను. ఆ నొప్పినే గుర్తనుకొనెను. ఈ గుర్తులను బట్టి హెచ్.ఐ.వి. ఉన్నదని గాని లేదని గాని ఎవరును చెప్పలేరు. కొత్తగా సోకినవారిలో కొందరికి జ్వరము, గొంతునొప్పి వచ్చును. అనేకులకు ఏమియు తెలియదు. జ్వరము వేయి కారణములచేత వచ్చును. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు, అదియు గడువు నిండిన తరువాతనే. కావున మేమతనితో ఒక ఒప్పందము చేసికొంటిమి. కాటా ఎక్కగూడదు. మెడ తడుముకొనగూడదు. సెల్‌ఫోనులో వ్యాధి గుర్తులు వెదకగూడదు. జ్వరము తగులునేని అందరివలె డాక్టరు వద్దకు పోయి జరిగిన సంగతి చెప్పవలెను. మొదటి వారము అతడు మూడుసార్లు ఒప్పందము తప్పెను. తప్పిన ప్రతిసారి వచ్చి చెప్పెను; అదియు మేలే.

రెండవది తేదీ. గోడమీది క్యాలెండరులో ఆ దినమునకు సున్న చుట్టితిమి. అంతకుముందు ఎన్నిసార్లు పరీక్ష చేయించుకొనినను గడువు ముందుకు రాదు. అతడు దారిలో కనబడిన ప్రతి ల్యాబులోను డబ్బు పోయుటకు సిద్ధపడెను. కూలి డబ్బు అది. భయమునకు కూడ ఒక వేళ పెట్టితిమి. సాయంకాలము దీపము వెలిగించిన తరువాత అరగంట అతడు మా అరుగుమీదికి వచ్చి, ఆ దినమున మనస్సులో తిరిగినదంతయు చెప్పుకొనును. తరువాత పదుమూడవ కీర్తన చదివి ప్రార్థించెదము. ఎంతకాలమని దావీదు ఆ కీర్తనలో నాలుగుసార్లు అడుగును. భక్తుడే అడిగినప్పుడు మనము అడుగుట అవిశ్వాసము కాదు. పగటిపూట భయము వచ్చినప్పుడు, "సాయంకాలము చెప్పుకొందును" అని దానిని వాయిదా వేయుట నేర్చుకొనెను. ఊపిరి మెల్లగా తీసి, అంతకంటె మెల్లగా విడుచుట కొంత సాయము చేసెను. అన్నిటికంటె ఎక్కువ సాయము చేసినది పని. మన గుడి ప్రహరీ గోడ పగుళ్లు పూడ్చినది అతడే. సారాయి మాత్రము నిద్ర తేదు. తెల్లవారుజామున రెండింతల భయమును తెచ్చును.

కనిపెట్టు అను మన తెలుగు మాట చిత్రమైనది. బైబిలులో ఎదురుచూచుటకు ఆ మాటయే. లోకములో క్రొత్తది కనుగొనుటకు ఆ మాటయే. రోగి ప్రక్కన మేలుకొని యుండువానిని కూడ కనిపెట్టుకొని యున్నాడందుము. గెత్సేమనేలో ప్రభువు శిష్యులను అడిగినది ఈ మూడవదే. వారు నిద్రపోయిరి. బోధ అడుగలేదు, సలహా అడుగలేదు, మెలకువగా నుండుమని మాత్రమే అడిగెను.

మిక్కిలి కష్టమైన సంగతి అతని భార్యను గూర్చినది. సోకిన మొదటి వారములలో రక్తములో వైరస్ అధికముగా నుండును, పరీక్షకు మాత్రము అందదు. అనగా నెగెటివ్ కాగితము చేతిలో నుండగనే ఇతరులకు అంటించు కాలమది. గడువు తీరువరకు నిరోధ్ లేకుండ భార్యతో కలియగూడదు, రక్తదానము చేయగూడదు. ఇట్టి మాటలు సంఘ పత్రికలో వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు మమ్ము అడుగవచ్చును. వ్రాయకపోయినందున ఒక సహోదరికి వ్యాధి వచ్చునేని ఆ లెక్క ఎవరు అప్పగింతురు? అతడు మొదట నడుమునొప్పి యని సాకులు చెప్పి అరుగుమీద పండుకొనెను. అయితే పట్టణమునుండి వచ్చిన మొదటి దినములలో అట్లు జాగ్రత్తపడలేదు. కావున ఆమెకును పరీక్ష అవసరమే. ఆమెకు చెప్పవలసినవాడు అతడే గాని మేము కాము. పదునైదు దినములు అతడు వెనుకాడెను. చివరకు మా వంటయింటిలో, మా యింటివారు ఆమె ప్రక్కన కూర్చుండగా చెప్పెను. ఆమె ఏడ్వలేదు. రెండు దినములు అతనితో మాటలాడలేదు. అన్నము మాత్రము వండి పెట్టెను.

ఆ రెండు దినములు మేము అతనిని ఒంటరిగా విడువలేదు. పల్లెటూరిలో పురుగుమందు ప్రతి యింటి చూరులో నుండును. అతని యింటిలోని డబ్బాను మేమే అడిగి తీసికొనిపోయి మా కొట్టులో పెట్టి తాళము వేసితిమి. అట్టి తలంపు కలిగినదా అని అతనిని సూటిగా అడిగితిమి. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు. చెప్పుకొనుటకు త్రోవ దొరకును. కలిగినదని చెప్పెను. 14416 అను నంబరుకు ఫోను చేసిన మనోవ్యాధుల సలహాదారులు ఉచితముగా మాటలాడుదురు, తెలుగులోను మాటలాడుదురు. హెచ్.ఐ.వి. సందేహములకు 1097 గలదు. అదియు ఉచితమే.

సంఘపు పెద్దలకొక మాట. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు నుండి అమలులో నున్నది. దాని ప్రకారము ఒకని అనుమతి లేక పరీక్ష చేయగూడదు; అతని సంగతి వెల్లడి చేయగూడదు; పనిలోనుండి, బడిలోనుండి, ఆసుపత్రిలోనుండి ఆ కారణముచేత త్రోసివేయగూడదు. చట్టము ఆసుపత్రివారికి ఇంత చెప్పగా, మన ప్రార్థన కూటములలో "ఫలానా సహోదరుని రక్తపరీక్ష కొరకు ప్రార్థించుడి" అని చదువుట ఏమి న్యాయము? అది ప్రార్థన మనవి కాదు, చాటింపు. పేరు లేకుండ ప్రార్థించినను దేవునికి తెలియును.

పాజిటివ్ అని వచ్చిననేమి అని అతడు ఒక సాయంకాలము అడిగెను. యెషయా గ్రంథములో హిజ్కియా గోడతట్టు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించెను. అయినను అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టుమని ప్రవక్త చెప్పెను. ప్రార్థన ఒక చేతిలో, మందు ఒక చేతిలో. మన ప్రభుత్వము 2004 నుండి ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. నేడు చాలమందికి దినమునకు ఒక్క మాత్ర. వైరస్‌ను పూర్తిగా తీసివేయు మందు కాదది. ప్రతిదినము తప్పక వాడవలెను. అట్లు వాడినవారు పనిపాటలు చేసికొనుచు ఇతరులంత కాలము దాదాపు బ్రదుకుదురు. పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గి అట్లే నిలిచినవారినుండి కలయికవలన జతవారికి సోకదు. మందు వాడు తల్లుల బిడ్డలలో నూటికి తొంబదియైదుగురికి పైగా ఆ వ్యాధి లేకుండ పెరుగుదురు. ఆ తల్లులకు మరియొక నిరీక్షణ గలదు: తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తములో చాలకాలము నిలిచియుండును గనుక, ఆరవ వారమున వేరు పరీక్ష చేసి, పదునెనిమిదవ నెలలో చివరి మాట చెప్పుదురు. పదునెనిమిది నెలలు! అట్టి తల్లి మీ సంఘములో నున్నయెడల ఆమెకు తెలియకుండగనే ఆమె పక్షముగా మేలుకొని యుండుడి.

మూడవ దినమున అతని భార్య మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఆ రోజు నేనూ పోతాను. ఇద్దరికీ ఒక్కసారే చేయించుకుంటాం" అని చెప్పెను. క్యాలెండరులో సున్న చుట్టిన దినము వచ్చినప్పుడు ఉదయము ఆరు గంటల బస్సుకు వారిద్దరిని ఎక్కించితిమి. ఆమె కిటికీ ప్రక్కన కూర్చుండి, చద్దిమూట ఒడిలో పెట్టుకొని, అతనికి చోటు విడిచెను. ఆ దినపు ఫలితమేమని మీరడుగుదురు. అది వారిది, మేము వ్రాయము. సాయంకాలపు బస్సు దిగి వారు తిన్నగా మా అరుగుమీదికి వచ్చిరి. మా యింటివారు టీ తెచ్చిరి, ఇద్దరును త్రాగిరి.